తాబేలు అడిగిన ప్రశ్న

చెరువును ప్రాణంలా చూసుకునే తాబేలు ఒకటి ఉండేది. నీటి మీదికి వంగిన తుమ్మకొమ్మకు గూడు అల్లుకున్న గిజిగాడు దాని నేస్తం. మర్నాడే అడవికి పెద్దను ఎన్నుకోవాలి.

"తాబేలక్కా, ఈసారి మన ఓటు ముళ్ళపంది మామకే! ఎవరి చోటు వాళ్ళదే, ఎవరి మీదా పెత్తనం ఉండదంటున్నాడు."

"బాగుందిరా తమ్ముడూ! పెత్తనమే లేకపోతే ఈ చెరువును ఎవరు కాపాడతారు?"

"ఇప్పుడు పెద్దగా ఉన్న ఏనుగు దొర కాపాడాడా? కాపలాకని దున్నల్ని పంపాడు. పోయిన వేసవిలో అవి నీ గుడ్లన్నీ తొక్కేశాయి. నా గూడు చూడు, ఏ దొరా కట్టించలేదు. ఎంత గాలికీ ఒక్క పోచ ఊడలేదు!"

మళ్ళీ గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. తాబేలు మెల్లగా ముళ్ళపంది దగ్గరికి నడిచింది.

"మామా, నువ్వు బొరియ తవ్విన మట్టి వానకు చెరువులోకి జారుతోంది. నీ చోటు నీదే, మరి నా నీళ్ళ మాటేమిటి?"



ముళ్ళపంది సిగ్గుపడ్డాడు. "బొరియ నాదే తల్లీ. నా మట్టి నీ మీద పొయ్యడానికి మాత్రం నాకు హక్కు లేదు," అన్నాడు. ఏ దొర ఆజ్ఞా లేకుండానే, పొద్దుగూకేదాకా ఆ మట్టినంతా మెట్టకు నెట్టుకుపోయాడు.

మర్నాడు తాబేలు తన ఓటురాయిని అతని ముందు పెట్టింది.

"ఓటు నీకు. గట్టు కాపలా మాత్రం నాది," అంది, తల పూర్తిగా చాచి.

తాబేలుకు అంత పొడుగు మెడ ఉందని అడవికి ఆ రోజే తెలిసింది.