నిలబడితే పొట్టి, కూర్చుంటే పొడుగు

“నిలబడితే పొట్టి, కూర్చుంటే పొడుగు. ఎవడి కొలతే ఇది?” అన్నాడు డెల్బర్ట్.

అది హార్లన్ నడిపే వేట సామాన్ల కొట్టు. వెర్నా అక్కడ బూట్లు తొడిగి చూసుకునే కుర్చీ ఒకటుంటే అందులో కూర్చుని, ముక్కాలి స్టాండు మీద బిగించిన ఒంటికన్ను దుర్భిణీలోంచి కిటికీ అవతలి కొండను చూస్తోంది. స్టాండు ఇంకొంచెం దించమని హార్లన్‌కి చేత్తో సైగ చేసింది.

ఆ కొండ వెనక లోయలో ఎల్క్ దుప్పిని వేటాడే పర్మిట్టు లాటరీలో తగలాలంటే పెట్టి పుట్టాలి. డెల్బర్ట్ ఏటా తన పేరు వేసేవాడు, దాంతోపాటు పెళ్ళాం పేరూ వేసేవాడు. వయోమింగ్‌లో ఆ కొండల కింద ఊళ్ళలో మగాళ్ళు చాలామంది చేసే పనే అది. పేరు పెళ్ళానిది, తుపాకీ మొగుడిది. ఈసారి వెర్నా పేరు తగిలింది. ఆ రోజు నుంచీ “నా పర్మిట్టు, నా దుప్పి” అని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. నువ్వూ వస్తావా అని ఆవిణ్ణి ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

హార్లన్ ఇద్దరికీ సర్ది చెప్పబోయాడు. స్టాండు ఎత్తు తేలాలంటే అడగాల్సింది ఒకటే, కూర్చుని చూస్తారా, నిలబడి చూస్తారా అని. కూర్చునేవాళ్ళు బండకి వీపు ఆనించి నేలమీదే చతికిలబడతారు, వాళ్ళకి చిన్నది చాలు, మోసే బరువూ తక్కువ. నిలబడేవాళ్ళకి గడ్డం దాకా లేచేది కావాలి. వెర్నా ముందున్న ఈ మధ్యరకాన్ని ఎవరూ అడగరు, అందుకే ఇన్నాళ్ళూ మూలన పడుందన్నాడు.

“వినపడిందా?” అన్నాడు డెల్బర్ట్. “నా మోకాళ్ళు నన్ను కూర్చోనివ్వవు. నాకు గడ్డం దాకా వచ్చేదే కావాలి. అయినా కొండ మీద నీకు కుర్చీ ఎవడు వేస్తాడు? వంటింట్లోది నెత్తిన పెట్టుకొస్తావా?”

దుప్పికి కూడా ఒక కుర్చీ వేస్తే పోలా అని హార్లన్ నవ్వాడు. వెర్నా నవ్వలేదు. కొండ ఎక్కక్కర్లేదనీ, పాత గని రోడ్డు చివరిదాకా ట్రక్కు పోతుందనీ, అక్కడ ఆగితే లోయంతా కనపడుతుందనీ చెప్పింది.

“రోడ్డు మీంచి చూస్తే దాన్ని వేటంటారా? చేతకానివాళ్ళు చూస్తారు అలా.”

“ఆ చోటు కనిపెట్టింది లోనీ,” అంది వెర్నా.

డెల్బర్ట్ మొహం మాడిపోయింది. లోనీ అతని సొంత తమ్ముడు. ఒకప్పుడు అన్నదమ్ములిద్దరూ కలిసే పేర్లు వేసేవాళ్ళు. ఓసారి వేటనుంచి వస్తుంటే ట్రక్కు బోల్తాపడింది. నడిపింది డెల్బర్ట్. అతనికి కనుబొమ మీద గీసుకుపోయింది, అంతే. ఆ తరవాత తమ్ముడి గడప తొక్కలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అంటాడు, అనేసి గ్లాసు నింపుకుంటాడు. లోనీకి వంటా వార్పూ చూసొచ్చేది వెర్నానే.

“వాడికి చెప్పావా, పర్మిట్టు వచ్చిందని?” గొంతు తగ్గించి అడిగాడు.

“చెప్పాను.”

“ఏమన్నాడు?”

“నువ్వెలా ఉన్నావని అడిగాడు.”

హార్లన్ ఏదో వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు. డెల్బర్ట్‌కి సిగ్గేసింది. సిగ్గేస్తే అతనికి కోపం వస్తుంది. అరలోంచి పొడుగు స్టాండు లాగి బల్లమీద దబ్బున పెట్టాడు. పర్మిట్టు తనదనీ, కన్ను తనదనీ, కొలతా తనదేననీ, ఇదే కట్టివ్వమనీ అన్నాడు.

“పర్మిట్టు నాది, డెల్బర్ట్,” అంది వెర్నా, కుర్చీలోంచి లేవకుండానే.

“పేరు నీది. పేరు వేసింది నేను.”

“అవును. నన్ను అడక్కుండానే వేశావు.” ఆవిడ దుర్భిణీ విప్పి ఒళ్ళో పెట్టుకుని, మధ్యరకం స్టాండునే కట్టమని హార్లన్‌కి చెప్పింది.

డెల్బర్ట్ ఆవిడ మొహంలోకి చూశాడు. అప్పుడు అతనికి సంగతి అర్థమైనట్టే అనిపించింది. ఇదా గొడవ, తనూ వస్తానంటోంది. మనసు తేలికపడింది. ఆ మాట ముందే అని ఏడవొచ్చుగా అని నవ్వాడు. రమ్మన్నాడు. రోడ్డు మీద కుర్చీ వేసుకుని దర్జాగా కూర్చోమన్నాడు, దుప్పి కనపడగానే ఒక కేక వేస్తే చాలు, మిగతాది తను చూసుకుంటానన్నాడు. అంత మంచిగా మాట్లాడినందుకు తనమీద తనకే ముచ్చటేసింది.

హార్లన్ స్టాండు మడిచి, భుజానికి తగిలించుకునే పట్టీ కూడా ఇవ్వనా అని అడిగాడు.

“పట్టీ వద్దు. చక్రాల కుర్చీకి బిగించే కొక్కెం ఉంటే ఇవ్వు,” అంది వెర్నా.

డెల్బర్ట్ నవ్వు సగంలో ఆగిపోయింది.

“నడవలేనివాళ్ళకి పర్మిట్టు రాసివ్వొచ్చట. లోనీకి రాసిచ్చేశాను,” అని లేచి నిలబడింది. “కుర్చీ తొయ్యడానికి వెంట ఒక మనిషి ఉండాలన్నారు. నీ పేరు వేశాను, నిన్ను అడక్కుండానే.”