పాటొద్దుగారు

“వచ్చేశాడే నీ పాటొద్దుగారు!” అన్నాడు భర్త, హెల్మెట్ తీస్తూనే.

వీడియో పెట్టి మంచినీళ్లు తాగేలోపే ఆ కామెంట్ పడింది. ఎప్పటిలాగే ఒకటే ముక్క: “పాట వద్దు. మాట చాలు.”

ఫొటో లేదు, పేరు లేదు, ఉత్త అంకెల ఖాతా. అందుకే ఆలుమగలిద్దరూ దానికి ఆ పేరు పెట్టుకున్నారు.

వీధిలో అందరూ ఆమెను పార్సిలమ్మ అంటారు. ఉన్నది ఒక చిన్న గది, రెండు స్కూటర్లు. ఊళ్లో ఈ మూల నుంచి ఆ మూలకు మందులు, తాళంచెవులు, ఇంట్లో మరిచిపోయిన కళ్లజోళ్లు చేరవేస్తారు. పెద్ద కంపెనీలు దిగాక బేరాలు పడిపోయాయి. అప్పుడు మొదలయ్యాయి ఈ వీడియోలు.

పార్సిల్ ఎలా కడతారో మాట్లాడుతూ చూపిస్తుంది. తర్వాత ఆ మాటలన్నీ నొక్కేసి, పైన ఊపున్న పాటొకటి వేస్తుంది. ఆమె చెప్పినదంతా కింద అక్షరాలుగా పోతుంటుంది.

“ఒక్కసారి నీ గొంతుతోనే పెట్టి చూడరాదూ?” అన్నాడు భర్త.

“బాగుంది! నా గరగర గొంతు వింటే ఉన్న బేరాలు కూడా పారిపోతాయండీ.”

గరగర. ఆ పేరు పెట్టింది అక్క.

అమ్మ పోయాక బట్టలు కుట్టి పెంచింది కూడా అక్కే. కొరియర్ పెడతానంటే, “ఆ తిరుగుళ్ల వ్యాపారం మనకెందుకే గరగరా?” అంది. మాటా మాటా పెరిగింది.

“నీ పెత్తనం ఇక చాలు. నీకూ నాకూ చెల్లు” అనేసింది పార్సిలమ్మ.

తెల్లారి చూస్తే అక్కా లేదు, అక్క కుట్టుమిషనూ లేదు. ఫోన్ నంబరు కూడా మార్చేసింది. బట్టలు కత్తిరించే పొడుగు బల్ల మాత్రం మిగిలింది.

ఇప్పుడు పార్సిళ్లు కట్టేది ఆ బల్ల మీదే. వీడియోలన్నిట్లో బల్ల నిండుగా కనపడేలా ఫోను నిలబెడుతుంది. కత్తెర గీతలు కూడా తెలియాలని దాని మీద గుడ్డయినా పరచదు.

బేరాల కోసమే ఈ తంటా అని అందరితో అంటుంది. ఎక్కడున్నా అక్క ఆ బల్లను గుర్తుపట్టకపోతుందా, ఒక్క ఫోను చెయ్యకపోతుందా అన్నది లోపలి ఆశ. కొత్త నంబరు మోగిందంటే చాలు, చేతిలో పని వదిలేసి పరుగెత్తుతుంది.

ఎత్తితే, “మా మందులు ఎంతవరకు వచ్చాయండీ?” అంటారెవరో.

ఒకరోజు పాటొద్దుగారు కొత్త ప్రశ్న వేశాడు.

“ఈరోజు ఏ రంగు బట్టలు వేసుకున్నావు?”

“వేసుకున్నావట! వేషాలు చూశావా?” భర్త మొహం మాడిపోయింది.

పార్సిలమ్మకు ఒళ్లు మండింది. “వీడియోలో కనపడటంలేదా? కళ్లు లేవా?” అని జవాబు కొట్టి, ఆ ఖాతాను బ్లాక్ చేసి పారేసింది.

“పీడ విరగడయింది” అన్నాడు భర్త.

వీడియోలు బాగానే నడిచాయి. బేరాలు పుంజుకున్నాయి. అక్క ఫోను మాత్రం రాలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక మధ్యాహ్నం, పెద్దావిడ ఒకామె గుడ్డసంచితో గుమ్మంలో నిలబడింది.

“రండి. ఎక్కడికి పంపాలండీ?”

ఆ గొంతు వినగానే ఆవిడ కళ్లు చెమర్చాయి.

“ఎక్కడికీ కాదమ్మా. మీకే.”

సంచిలో కొత్త డ్రెస్సు. చంకల కింద రెండు వరసల గట్టి కుట్టు. చిన్నప్పుడు చెల్లెలు గోడలెక్కి చింపుకుంటుందని అక్క ఒక్కతే అలా కుట్టేది. దారమే చిత్రంగా ఉంది. ఒకచోట ఎరుపు, ఒకచోట పచ్చ, ఇంకోచోట నలుపు.

“మా అక్క! ఎక్కడుందండీ? పదండి, ఇప్పుడే వస్తా.” స్కూటర్ తాళాలు అప్పటికే చేతిలోకి తీసుకుంది.

ఆవిడ కదల్లేదు.

“నెల కావస్తోందమ్మా. జ్వరం వచ్చింది, ఇక లేవలేదు. నేను పక్కగదిలో ఉండేదాన్ని. దీన్ని మీకు నా చేత్తోనే ఇమ్మంది.”

పార్సిలమ్మ బల్ల పట్టుకుని కూలబడింది.

“నా వీడియోలు ఒక్కటన్నా చూసిందా? ఈ బల్లను చూసిందా?”

“ఫోనులో మీ కొట్టు పేరు కనబడితే నేనే చదివి చెప్పాను. ఆ రోజు నుంచి ఫోను చెవి దగ్గర పెట్టుకునే కూర్చునేది. తర్వాత ఎందుకో మీ పేజీ తెరుచుకోవడం మానేసింది.”

“మరి ఒక్క ఫోనన్నా చెయ్యలేదేం?”

“‘నా స్థితి తెలిసి జాలితో కాదు, దానంతట అదే నన్ను వెతుక్కుంటూ రావాలి’ అనేది. మొండిమనిషి.”

పార్సిలమ్మ వేళ్లు ఆ రంగురంగుల దారం మీద ఆగిపోయాయి.

“ఈ గుడ్డ కొనేముందు మీకు ఇప్పుడు ఏ రంగు ఇష్టమో తెలుసుకోవాలని ఆరాటపడిందమ్మా. నోటితో చెబితే ఫోనే రాసింది, మీ జవాబునూ ఫోనే చదివి వినిపించింది. కోప్పడుతుందేమో అనుకున్నాను, నవ్వింది. ‘కళ్లు లేవా అన్న ఆ మాటేదో అది తన గరగర గొంతుతో అడిగి ఉంటే ఎంత బాగుండేదో’ అంది.”