పెట్టె మీద మూడో పేరు

“ఏటే నువ్వు సేత్తన్నది? మావగారి గుండె మీద సెయ్యేత్తావా?” అంటూ నూకాలమ్మ కోడలి భుజం పట్టి వెనక్కి లాగింది.

రజని కదల్లేదు. నేల మీద పడిపోయిన గణపతిరావు చొక్కా గుండీలు తెంపేసి, చేతి మీద చెయ్యి వేసి, రొమ్ము నడిమధ్య బలంగా నొక్కుతోంది. నిమిషం క్రితం దాకా ఆయన నవ్వుతూ మనవరాలికి అన్నప్రాసన పాయసం తినిపిస్తున్నాడు. చెంచా జారింది, వెనకే మనిషీ జారాడు. ఊపిరి లేదు. టాటానగర్ రైల్వే కాలనీ తెలుగు సంఘం హాలుకి వచ్చిన చుట్టాలు కాళ్ళూ చేతులూ ఆడక నిలబడిపోయారు. ఎవరో అంబులెన్సుకి ఫోను చేస్తున్నారు.

“ఏవండీ, గోడకున్న ఆ గుండె పెట్టె తెండి,” అంది రజని మొగుడితో.

సురేష్ పరిగెత్తాడు. ఆగిన గుండెకి షాకిచ్చే ఆ మిషను రెండు నెలల క్రితమే పెట్టారు. వాడటం నేర్చుకున్నవాళ్ళ పేర్లు మూత మీద అంటించి ఉన్నాయి. మొదటి ఇద్దరూ డ్యూటీలో ఉన్నారు. పెట్టె తెచ్చి రజని పక్కన పెడుతూ సురేష్ మూడో పేరు పైకి చదివాడు. గణపతిరావు, రిటైర్డ్ గార్డు.

నూకాలమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. మొగుడికొచ్చిన ఆ ట్రైనింగు సర్టిఫికెట్టుకి తనే ఫ్రేము కట్టించి దేవుడి గూటి పక్కన తగిలించింది. తెలిసిన ఒక్క మనిషీ నేల మీదున్నాడు. ఆయన్ని బతికించేది ఎనిమిదితో చదువు ఆపేసిన ఈ పిల్లా? చంటిది తుమ్మితే చాలు, డాక్టరు దగ్గరికి పరిగెత్తే మనిషి. ఆయన ట్రైనింగుకి వెళ్ళిన రోజు కూడా పిల్లకి టీకా వేయిస్తానని వెళ్ళి సాయంత్రానికి గానీ ఇల్లు చేరలేదు.

రజని పెట్టె తెరిచి రెండు జిగురు అట్టలు పైకి తీసింది. ఒకటి కుడి భుజం కింద, ఒకటి ఎడమ పక్కటెముకల మీద అంటించింది. మిషను హిందీలో పలికింది. “మరీజ్ కో కోయీ న ఛుయే.”

“సూడే. రోగిని ముట్టుకోవద్దని మిషనే సెప్తంది,” అంది నూకాలమ్మ.

“నన్నొక్కదాన్నే కాదత్తా. నువ్వూ ఆ కాలొదులు.”

మొగుడి పాదం పట్టుకుని కూర్చున్నట్టు నూకాలమ్మకి అప్పుడే తెలిసింది. వదిలేసింది. రజని చుట్టూ ఒకసారి చూసి మీట నొక్కింది. గణపతిరావు ఒళ్ళు ఎగిరిపడింది. ఆ వెంటనే మళ్ళీ రొమ్ము నొక్కడం, పైకి లెక్కపెట్టడం. ఎవరి ఒళ్ళోనో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. రజని అటు తల తిప్పలేదు. నూకాలమ్మ అది చూసింది.

ఎన్నో లెక్క దగ్గరో గణపతిరావు మూలిగాడు. బయట అంబులెన్సు కూత వినబడింది.

నాలుగో రోజు ఆసుపత్రిలో ఆయన దిండుకి ఆనుకుని జావ తాగుతున్నాడు. చూడ్డానికి వచ్చిన డాక్టరు, ఆ రోజు నొక్కిందెవరోగానీ సరిగ్గా నొక్కారనీ, లేకపోతే మనిషి దక్కేవాడు కాదనీ అన్నాడు. పిల్లని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ రజని తల వంచుకుంది.

నూకాలమ్మ కోడలి వీపు నిమిరింది. “మా ఆయన ట్రైనింగయ్యేడు బాబూ. ఆయన సెప్తుంటే ఇని నేర్సుకునుంటాది.”

నవ్వొచ్చినా పక్కటెముకల నొప్పికి నవ్వలేక గణపతిరావు గ్లాసు కింద పెట్టాడు.

“ఫ్రేములో పేరు మార్పించాలే. ఫారం మీద టెన్తు పాసు అడిగేరని నా పేరు రాయించేను. క్లాసులో గణపతిరావని పిలిస్తే ‘హాజిర్’ అన్నది నీ కోడలు. ఆ రోజు పిల్లకి టీకా ఏయించింది నాను.”