ఆగితే తిరుగుతుంది

కల్యాణి ఎడమ పెడల్ తొక్కింది. కదల్లేదు. కుడిది తొక్కింది. అదీ కదల్లేదు. రెండు కాళ్ల బలమూ పెట్టి చూస్తే తన నడుమే పట్టేసింది తప్ప పెడల్ ఇసుమంత కూడా జరగలేదు.

కింద చూస్తే అడవి, అడవి లేనిచోట వరద. పర్ణశాల అవతల నీళ్లు చుట్టుముట్టిన పల్లె నుంచి హెలికాప్టర్ లేచి పావుగంటయింది. వెనక స్ట్రెచర్ మీద వనజ ఉంది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది, పొద్దుటి నుంచి రక్తం పోతూనే ఉంది. నర్సు శ్రావణి ఒక చేత్తో సెలైన్ బాటిలూ, ఇంకో చేత్తో వనజ నాడీ పట్టుకుని కూర్చుంది.

ముందు, కల్యాణి పక్క సీట్లో వనజ మొగుడు వీరబాబు. జామాయిల్ కర్ర తోలే లారీ డ్రైవరు. గాల్లోకి లేవడం జన్మలో ఇదే మొదలు. అయితేనేం, స్టీరింగ్ ముందున్న మనిషి మొహం చూస్తే బండి సంగతి ఇట్టే తెలిసిపోతుంది అతనికి.

"ఏమైంది మేడం?" హెడ్‌సెట్‌లో అడిగాడు.

"ఏం కాలేదన్నా."

"పెడల్ పట్టేసింది. నేను గూడ బండి తోలెటోన్నే, నాకు చెప్పుండ్రి."

చెప్పక తప్పలేదు. "పైన పెద్ద రెక్కలు ఒకదిక్కు తిరుగుతుంటే కింద మన డబ్బా ఎదురుదిక్కు తిరగాలని చూస్తది. తోక మీది చిన్న పంకా దాన్ని ఆపుతది. ఆ పంకా రెక్కల వాలు మార్చేది ఈ పెడళ్లే. వాలు పెంచితే గాలిని గట్టిగ నెడతది, తగ్గిస్తే మెల్లగ. ఇప్పుడు ఆ వాలు ఒక్కకాడ ఇరికిపోయింది."

"సక్కగనే పోతున్నం గదా మరి?"

"ఈ స్పీడుకు ఆ వాలు సరిపోతది. దిగుదామని గాల్లో ఆగితే పైరెక్కలకు పవర్ ఎక్కువియ్యాలె. పవరిస్తే తోక ఆపలేదు. గిరగిర తిరిగి పడతం."

"ఆగకుంట దిగరాదా?"

"దిగొచ్చు. ఉరుక్కుంటనే నేలను తాకాలె. దానికి చాన పొడుగు, తిన్నని జాగా కావాలె. ఖమ్మంల మనకిచ్చిన గ్రౌండు చుట్టూ గోడలే. ఇగ హైదరాబాద్ పోవుడే. గంట పడతది."

వెనక నుంచి శ్రావణి గొంతు వినిపించింది. "మేడం, బీపీ పడిపోతున్నది. గంట ఆగదు. అరగంట గూడ నేను చెప్పలేను."

వీరబాబు వెనక్కి తిరిగి పెళ్లాం మొహం చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. ముందుకు తిరిగి, అద్దానికి మొహం ఆనించి కిందికి వెతకసాగాడు. గుట్టలు, చెట్లు, ఎర్రనీళ్లు.

"మేడం, అగో ఇల్లందు రోడ్డు. ఆ గుట్ట దాటితే కొత్త బైపాస్. తారు పోసిండ్రు, ఇంకా బండ్లను ఇడుస్తలేరు. రోజూ పక్కన పాతరోడ్డు గుంతల్ల పోతూ దాన్ని చూసి తిట్టుకుంట. గీత గీసినట్టు ఉంటది."

"స్తంభాలు, వైర్లు?"

"ఇంకా ఏం పాతలేదు. ఆఖరుకు కల్వర్టు కాడ గొయ్యి ఉంది, గదొక్కటే."

"ఖాయమేనా అన్నా?"

"నా పెండ్లం ఇందులనే ఉంది మేడం."

కల్యాణి అటు మళ్లించింది. 108ను అక్కడికే పంపమని రేడియోలో చెప్పి, గుట్ట దాటించింది. రోడ్డు అతను చెప్పినట్టే ఉంది. నడిమధ్యన పది బర్రెలు కూడా ఉన్నాయి. ఊరంతా బురదైతే పాపం అవి మాత్రం ఎక్కడ పడుకుంటాయి? కల్యాణి వాటి నెత్తి మీదుగా ఒకసారి పోనిచ్చింది. బద్ధకంగా లేచాయి. ఇంకోసారి తిరిగి వచ్చేసరికి దారి ఇచ్చాయి.

"నాడి అందుతలేదు మేడం," అంది శ్రావణి.

ఇక మూడో చుట్టు లేదు. వేగం తగ్గే కొద్దీ హెలికాప్టర్ ముక్కు పక్కకు తిరగసాగింది. పవర్ తగ్గిస్తే ముక్కు సర్దుకుంది కాని హెలికాప్టర్ దబ్బున జారింది. మళ్లీ కాస్త పెంచింది. మళ్లీ తిరిగింది. కింది ఇనుపకాళ్లు తారును తాకి కీచుమన్నాయి. నిప్పురవ్వలు లేచాయి. వీరబాబు లేని బ్రేకును కుడికాలితో శక్తికొద్దీ తొక్కుతున్నాడు. గొయ్యి దగ్గరికొస్తోంది, ఇంకా దగ్గరికొస్తోంది. మూడు బారల ఇవతల ఆగింది.

కల్యాణి ఇంజను ఆపింది. తర్వాత శ్రావణి, "ఉంది మేడం, నాడి ఉంది," అని ఏడ్చేసింది.

ఇంతలో 108 వచ్చింది. అందరూ కలిసి స్ట్రెచర్‌ను అందులోకి ఎక్కించారు. కల్యాణి తోక దగ్గరికి నడిచింది. చిన్న పంకా రెక్కల వాలు మార్చే సన్న కడ్డీకి ఎర్రగుడ్డ ముడేసి ఉంది. గాలికి దాని కొస లోపలికి పోయి బిగుసుకుంది. పల్లెలో మంచం మీద వనజను తెస్తున్నారని ఎదురెళ్లే ముందు తాను హెలికాప్టర్ చుట్టూ తిరిగి చూసినప్పుడు అది లేదు. కల్యాణికి ఒళ్లు మండిపోయింది. దాన్ని పీకి, పట్టుకుని అంబులెన్సు దగ్గరికి వచ్చింది.

"ఇదెవరు కట్టిండ్రు?"

లోపల ఒక కాలు, బయట ఒక కాలుగా ఉన్న వీరబాబు చేతులెత్తి దండం పెట్టాడు. "నేనే మేడం. కర్రలోడుకు గట్లనే కడతం. తోక గంత పొడుగు బయటికి ఉంది గదా, ఎనకొచ్చే బండ్లు తగులుతయని."