నాలుగు కొత్త పెట్టలు

తెల్లపెట్ట జుట్టు నుంచి నెత్తురు కారుతోంది.

నసాంబు చీపురు తిరగేసి పుంజు వెంటపడింది. అది దొరకలేదు. కంచె ఎక్కి, మెడ చాచి, గెలిచినట్టు కూసింది.

ఎనిమిది నెలల ఎర్రపుంజు. పోయిన వానల్లో తెగులొచ్చి కోళ్ళన్నీ పోతే ఇదొక్కటే మిగిలింది. ఏ పెద్దకోడి దగ్గరా దెబ్బ తినకుండా పెరిగింది. వాకిలంతా తనదే అనుకుంటోంది.

నిన్ననే చర్చి మహిళా సంఘం వాళ్ళు నాలుగు పెట్టలిచ్చి వెళ్ళారు. వంతు ప్రకారం ఒక్కో ఇంటికీ ఇస్తారు. వాటి పిల్లలు పెరిగాక నాలుగు పెట్టల్ని తర్వాతి ఇంటికివ్వాలి. ఇచ్చినవి చస్తే మళ్ళీ ఇవ్వరు.

నసాంబు కూతురికి ఏడాదిన్నర. చేతులు పుల్లల్లా ఉన్నాయి. రోజుకో గుడ్డు పెట్టమని నర్సు ఎప్పుడో చెప్పింది.

"కోసేద్దాం. కందనకాయ నాకు పెట్టు, చాలు" అన్నాడు మొగుడు బరాసా, టీ ఊదుకుంటూ.

"పుంజు లేకుండా పిల్లలెలా అవుతాయి? నువ్వు పొదుగుతావా?"

పెట్టల్ని పట్టుకుని గంప కింద మూసింది నసాంబు.

"బాగుంది! కొట్టినవాడికి షికారు, దెబ్బలు తిన్నవాళ్ళకి జైలు" అని వినిపించింది కంచె అవతల నుంచి.

ఎవరో ముసలమ్మ. చేతిలో కర్ర. కాళ్ళకి పిక్కల దాకా బురద.

"ఆసుపత్రికి పోతున్నానమ్మా, మోకాళ్ళ నొప్పులు. కాసిని నీళ్ళిస్తావా?"

తాగింది. లోపలికొచ్చింది.

"గంపలో వెయ్యాల్సింది పుంజుని. పెట్టల్ని వదులు."

"అది దాని ఇల్లవ్వా!"

"అందుకేగా వాడికంత పొగరు. వారం రోజులు లోపల్నుంచి చూడనీ. ఈలోగా వాకిలి వీళ్ళదవుతుంది. బయటికొచ్చేసరికి వాడే కొత్తవాడు."

పుంజు ఎగిరి ఆవిడ కాలి మీద తన్నింది. ఆవిడ కదల్లేదు. ఒడుపుగా పట్టుకుని చంకలో పెట్టుకుంది. అరచేత్తో మెడని మెల్లగా కిందికి అదిమింది.

"దీన్ని తన్నకు. దీనికి భయపడి పరిగెత్తకు. రెండూ దీనికి ఆటే."

చంటిపిల్లని ఎత్తుకున్నట్టు వాకిలంతా తిప్పింది. పుంజు కళ్ళు మూతలు పడ్డాయి.

"జోలపాట కూడా పాడవ్వా!" అని నవ్వాడు బరాసా.

"నీకు చిన్నప్పుడు ఎవరో పాడే ఉంటారు నాయనా. అందుకే కంచెలెక్కి కూయడం లేదు."

వెళ్తూ వెళ్తూ తెల్లపెట్ట గాయానికి కుండ మసి పూసింది. ఎరుపు కనిపిస్తే పొడుస్తూనే ఉంటాయంది.

మర్నాడు మళ్ళీ వచ్చింది. పెట్టలు దాక్కోడానికి మూలన ఎండుకొమ్మలు పడేసింది. మూడోసారి వచ్చి ఒక్కో పెట్ట రెక్క ఎత్తి పేలు వెతికింది. పాప బుగ్గ నిమిరి వెళ్ళింది.

"ఆవిడ చూపంతా కోళ్ళ మీదే ఉంది. ఏదో ఒకరోజు నాలుగు కాస్తా మూడవుతాయి, చూసుకో" అన్నాడు బరాసా.

ఆ మాట నసాంబు మనసులో ముల్లులా దిగింది.

నాలుగోసారి వస్తే కంచె దగ్గరే అడ్డం నిలబడింది.

"ఇన్ని తెలిసినదానివి, నీకు కోళ్ళు లేవా అవ్వా? మా వాటి చుట్టూ తిరుగుతావెందుకు?"

ముసలమ్మ నవ్వేసింది.

"తెగులు నీ ఒక్క ఇంటికే వచ్చిందా తల్లీ? సరేలే. ఎల్లుండి సాయంత్రం గంప ఎత్తు. గింజలు రెండు చోట్ల చల్లు, కొట్టుకోకుండా ఉంటాయి."

వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

చెప్పిన రోజున నసాంబు గంప ఎత్తింది.

పుంజు తిన్నగా తెల్లపెట్ట మీదికి దూకింది. పెద్ద నల్లపెట్ట అడ్డమొచ్చి నెత్తిన ఒక్క పోటు పొడిచింది. పుంజు తగ్గింది. మళ్ళీ వెళ్ళింది. ఈసారి రెండు పోట్లు. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు పక్కకెళ్ళి, ఆకాశం చూడ్డానికే వచ్చినట్టు నిలబడింది.

బరాసా పడీపడీ నవ్వాడు.

మూడోరోజు వాన కురిసి ఉసిళ్ళు లేచాయి. పుంజు ఒకదాన్ని పట్టింది. మింగలేదు. కింద పెట్టి, కొక్ కొక్ అని పిలిచింది. నాలుగు పెట్టలూ పరిగెత్తుకొచ్చాయి. అవి తినేదాకా అది పక్కనే కాపలా ఉంది.

నసాంబు కళ్ళు తుడుచుకుంది.

గుడ్లొచ్చాయి. పాప బుగ్గలు నిండాయి. తెల్లపెట్ట పొదిగి తొమ్మిది పిల్లల్ని లేపింది.

పిల్లలు పెరిగాక ఒక పెట్టపిల్లని చంకలో పెట్టుకుని, అరటినారలో పది గుడ్లు కట్టుకుని, సంఘం పెద్ద ఫెలిస్తా ఇంటికెళ్ళింది నసాంబు.

"అక్కా, కర్ర పట్టుకుని నడుస్తుంది, ఎడమ చెవి తమ్మె తెగి ఉంటుంది. ఆ అవ్వ ఇల్లెక్కడ?"

"నంబుయా అవ్వా? గుడిసె వానకి కూలిపోయిందమ్మా. పోయిన నెల సరిహద్దు అవతల చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక రాదు."

నసాంబు గుడ్ల మూట గుమ్మంలో దించింది.

"నా పిల్ల ఆవిడ వల్లే కోలుకుందక్కా. ఆ మాట చెప్పుకుందామని వచ్చాను. కోళ్ళ దొంగేమో అనుకుని, మొహం మీదే అనరాని మాట అన్నాను."

"ఇవి ఇటివ్వు. శుక్రవారం సంతకి అటు మనుషులు వెళ్తారు, వాళ్ళతో పంపుతాను." ఫెలిస్తా పెట్టపిల్లని అందుకుంది. "ఇంతకీ, నీకు ఆవిడెవరో తెలీదా?"

"తెలీదు."

"నీకు పెట్టలిచ్చినప్పటి వంతు నిజానికి ఆవిడది. రెండేళ్ళు ఎదురుచూసింది. మేం ఆ నాలుగు పెట్టల్నీ తీసుకుని ఆవిడ గుమ్మంలోకి వెళ్తే, ఒక్కోదాన్నీ నిమిరి చూసి, 'ఆసుపత్రి దారిలో ఓ ఇంట్లో బక్కచిక్కిన పసిపాప ఉంది, నాకొద్దు, వాళ్ళకివ్వండి' అని మమ్మల్ని నీ ఇంటికి పంపింది."