ఇవ్వనన్న పెద్దాయన

తెల్లారేసరికి బండి వెనక భాగం ఎడమవైపు నేలకు అంటుకుపోయి ఉంది.

"నీ ఏనుగు మళ్లీ కూర్చుందే," అంది డ్రైవరమ్మతో వాళ్లమ్మ.

డ్రైవరమ్మ నవ్వలేదు. ఒకప్పుడు ఎవరో గొప్పింటివాళ్లు తిరిగిన, స్ప్రింగులకు బదులు గాలి తిత్తుల మీద నిలబడే ఫోర్‌వీల్ డ్రైవ్ బండి అది. పాతదైతేనేం, కొండ ఎక్కగలదని ఏరికోరి కొనుక్కుంది. వచ్చే సోమవారం నుంచి కొండమీది రోగులను ఆస్పత్రికి చేర్చే పని ఆమెది. బండి కదలకపోతే ఆ పని ఇంకొకరిది.

పాత సామాన్ల షెడ్డుకు వెళ్లింది. ఊడదీసిన కారు సీటు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్, బండిని పైకి లేపే గాలి పంపు కావాలి."

"ఇవ్వను."

"లేదా?"

"ఉంది. ఇవ్వను. గాలి గొట్టాల మీద సబ్బు నీళ్లు పొయ్యి."

"బండి కడుక్కోవడం నాకు తెలుసులే!"

ఒళ్లు మండిపోయింది. అయినా ఇంటికెళ్లి పోసి చూసింది. ఓ అతుకు దగ్గర బుడగలు లేచాయి. అతుకు మార్చింది. మర్నాడు బండి సమంగా నిలబడింది.

తన తెలివికి తనే మురిసిపోయింది.

గురువారం మీటరు నిండా ఎర్రదీపాలు వెలిగాయి.

"బాబాయ్, కంప్యూటర్ పెట్టె ఇయ్యి."

"ఇవ్వను. బ్యాటరీ ఎన్నేళ్లది?"

"నేనడిగేదేంటి, నువ్వు చెప్పేదేంటి?"

"అడిగినవన్నీ ఇస్తే నీ బండిలో నీదంటూ ఏం మిగులుద్దమ్మాయ్?" అంటూనే గ్రీజు తుడుచుకోమని ఓ శుభ్రమైన గుడ్డముక్క అందించాడు.

బ్యాటరీ మార్చింది. దీపాలు ఆరిపోయాయి. ఆయన మీద కోపం మాత్రం ఆరలేదు.

శుక్రవారం, మలుపు తిప్పితే చాలు, బండి బిగుసుకుపోతోంది. అడుగున దడదడ. ముందూ వెనకా చక్రాలకు శక్తి పంచే గేరుపెట్టె పోయిందని తేల్చేసింది.

"అదీ ఇవ్వను," అన్నాడు పెద్దాయన. "టైర్లు నాలుగూ ఒకటేనా చూడు."

"ముందువి రెండూ మొన్ననే కొత్తవి వేశా!"

"అదే మరి..."

ఆమె పూర్తి చెయ్యనివ్వలేదు. "సోమవారం బండి కదలకపోతే నా పని పోద్ది. ఆడదాన్నని ఆటలాడుతున్నావా?"

బయటికొచ్చి, షెడ్డు గోడ మీదున్న యజమాని నంబరుకు ఫోన్ చేసింది.

"మీ పెద్దాయన వచ్చిన బేరాల్ని తరిమేస్తున్నాడు. ఆయన్ని పెట్టుకుంటే మీ షెడ్డు మూతపడుద్ది!"

గంటలో యజమానే వచ్చి, తప్పయిపోయిందని చెప్పి, గేరుపెట్టె ఆమె ఇంట్లో దింపించాడు.

శనివారమంతా ఆమె బండి కిందే ఉంది. పాత పెట్టె దింపింది. షెడ్డుదాన్ని బిగించింది. ముఖం నిండా మసి.

తాళం తిప్పింది. వీధి చివర మలుపు తిప్పింది.

అదే దడదడ.

టైర్ల గురించి పెద్దాయన అన్నమాట గుర్తొచ్చింది. దిగి, అమ్మ కుట్టుమిషను దగ్గరి టేపు తెచ్చి టైర్ల చుట్టూ కొలిచింది. వెనకవి అరిగిపోయి, ముందువాటికన్నా రెండు వేళ్ల మేర తక్కువున్నాయి. ముందు చక్రాలు ఒక లెక్కన, వెనకవి ఒక లెక్కన తిరుగుతూ ఒకదాన్నొకటి గుంజుకుంటున్నాయి. అంతే.

ఆదివారం పొద్దున్నే వెనక కూడా ముందువాటిలాంటివే కొత్తవి వేయించింది. బండి మలుపులో వెన్నలా తిరిగింది.

రేపటికి బెంగ లేదు. నేరుగా షెడ్డుకు పోనిచ్చింది.

కారు సీటు ఖాళీగా ఉంది.

"పెద్దాయన ఏరండీ?"

"మీరే కదమ్మా ఫోన్ చేశారు. ఆ రోజే పంపించేశాను," అన్నాడు యజమాని.

"ఇల్లెక్కడో చెప్పండి. ఇప్పుడే వెళ్తాను."

"గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఎక్కడికో నాకూ చెప్పలేదు."

"అసలు ఎవరండీ ఆయన?"

యజమాని తల గోక్కున్నాడు.

"మీ బండి కంపెనీ షోరూంలోనే పాతికేళ్లు హెడ్ మెకానిక్కమ్మా, బాగున్న సామాను మార్చుకోమని బండివాళ్లకు చెప్పనన్నందుకు అక్కడా ఇలాగే తీసేశారు."