లైన్లోనే ఉండండి

“ఈ పని చేసింది మీరేనా?”

హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దాయన మూడోసారి అడిగాడు. అడిగిన ప్రతిసారీ గొంతు ఓ మెట్టు పైకెక్కుతోంది.

ఎదురుగా ఉన్నావిడ మాత్రం నింపాదిగా కుర్చీలో వెనక్కి వాలింది. ఆఫీసులో ఆవిణ్ని అందరూ రికమండేషన్ అక్క అంటారు. అలాగని ఆవిడ మాటతో ఎవరికీ ఉద్యోగాలు రావు. ఆవిడ సిఫార్సు చేసేది పాటల్ని. ఎవరూ ఎరగని బ్యాండ్లనీ, పేరు రాని పాటగాళ్లనీ వెతికి పట్టుకుని, అన్నం తినే టైములో పక్కవాళ్ల చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుతుంది. “ఒక్క నిమిషం విను. నచ్చకపోతే నన్ను తిట్టు” అంటుంది. తిట్టినవాళ్లూ ఉన్నారు. అయినా మర్నాటికి మళ్లీ తయారు.

అది ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు అమ్మే కంపెనీవారి కాల్ సెంటర్. వాటి మీద కంప్లైంట్లు తీసుకోవడమే అక్కడి పని. ఫోన్ చేసినవాళ్లకి మనిషి దొరికేదాకా కంపెనీ ట్యూన్ వినిపించేది. టింగుటింగుమంటూ అదే ముక్క తిరిగి తిరిగి మోగేది. ఫ్రిజ్ పాడై ఒళ్లు మండుతున్నవాళ్లకి అది విన్నాక కోపం నషాళానికి అంటేది.

వేసవి మొదట్లో ఓ సోమవారం ఆ ట్యూన్ మాయమైంది. దాని బదులు ఓ పాట వచ్చింది. పగలంతా వెల్డింగ్ చేసుకుని, షట్టరు దించాక పాడుకునే ముగ్గురు అన్నదమ్ముల పాట. పై సోమవారం లారీలకి టార్పాలిన్లు కుట్టే ఒకావిడ గొంతు. ఆ తర్వాత వారానికో కొత్త పాట. అన్నీ ఊరూ పేరూ లేనివే.

కొన్నాళ్లకి ఫోన్ల తీరే మారిపోయింది.

“అప్పుడే ఎత్తేశావేంటమ్మా?” అన్నాడో పెద్దమనిషి. “చరణం మధ్యలో ఉంది. మళ్లీ హోల్డ్‌లో పెట్టు తల్లీ.”

“ముందు మీ ఫ్రిజ్ సంగతి చెప్పండి బాబాయిగారూ,” అంది అక్క.

“ఫ్రిజ్ ఎక్కడికి పోతుంది? ఆ పాడేదెవరో చెప్పు.”

అక్క చెప్పేది. పేరేంటో, ఎక్కడ వినొచ్చో, ఇంకా ఏమేం పాడారో. విన్నవాళ్లు ఊరుకోకుండా తమకి తెలిసిన అనామకుల పేర్లు ఆవిడకి చెప్పేవాళ్లు. కంప్లైంట్ల లైను కాస్తా పాటల పిచ్చోళ్ల అడ్డా అయింది. వెల్డింగ్ అన్నదమ్ముల్ని మొట్టమొదటిసారి ఎవరో ఓ హాల్లో పాడమని పిలిచారు.

మేనేజరుకి ఇవేవీ పట్టినట్టుండేది కాదు. “పాటలు వినే తీరిక నాకెక్కడిది? పని చూడండి, పని!” అని తలుపేసుకునేవాడు.

పెద్దాయన ఇంట్లో వాషింగ్ మెషిన్ చెడిపోవడంతో వచ్చింది తంటా. ఆయన తన సొంత కంపెనీకే ఫోన్ చేశాడు. ఖర్మ కాలి, ఆ వారం పాట సెలవివ్వని యజమానిని ఉతికి ఆరేసే పాట. పెద్దాయన పల్లవి పూర్తిగా విన్నాడు. మర్నాడే వచ్చి వాలాడు.

పాట మార్చడం పెద్ద విద్యేం కాదు. మూల గదిలో కంప్యూటరు. పక్కన గోడ మీదే పెన్సిలుతో రాసిన పాస్‌వర్డ్. టీ తెచ్చే మనిషైనా మార్చగలడు. కానీ అందరి చూపులూ ఒకే కుర్చీ మీద పడ్డాయి.

“సోమవారం మొదటి ఫోన్‌కే మీకు బ్యాండు పేరెలా తెలిసింది?” పెద్దాయన నిలదీశాడు.

“మంచి పాటుందని ఎవరైనా చెప్తే వింటాను. గుర్తుపెట్టుకుంటాను.”

“ఎవరు చెప్పారు?”

“చాలామంది చెప్తారు. మీరు చెప్పినా వింటాను.”

పెద్దాయన మొహం కందగడ్డలా ఎర్రబడింది. “తప్పయిందని రాసివ్వండి, వదిలేస్తాను. లేదంటే ఇవాళ్టితో మీ ఉద్యోగం ఆఖరు!”

ఇల్లు నడిచేది ఆవిడ జీతం మీదే. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. పక్కనే కూర్చున్న మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“సార్, అసలు సంగతేంటంటే…” అని నోరు తెరిచాడు.

“మీరూరుకోండి సార్!” ఆవిడ కసిరింది. “నా తరఫున మీరేం మాట్లాడక్కర్లేదు.”

తర్వాత పెద్దాయన వైపు తిరిగింది.

“నేనేనని రాసుకోండి. తప్పని మాత్రం రాయను. వాళ్లని రేడియో పట్టించుకోలేదు, టీవీ పట్టించుకోలేదు. మన లైన్లో దొరికింది వాళ్లకి రెండు నిమిషాలు. అది తప్పయితే ఆ తప్పు మళ్లీ మళ్లీ జరగాలి. నన్నంటే పంపించేస్తారు. పాటనెలా పంపిస్తారు?”

బయటికొచ్చి కప్పూ, ఇయర్‌ఫోన్లూ సంచిలో వేసుకుంది. పక్క సీటు పెద్దావిడ కళ్లొత్తుకుంది.

“ఏంటే ఆ మొండితనం? ఓ సారీ రాసి పడేస్తే పోయేదిగా!”

“రాస్తే ఆ పాటలు పనికిరావని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు కదా పిన్నీ,” అంది. తలెత్తుకునే గేటు దాటింది.

పెద్దాయన దగ్గరుండి గోడ మీది రాత చెరిపించాడు. పాస్‌వర్డ్ మార్పించి, కొత్తది మేనేజరుకి మాత్రమే చెప్పాడు. “మీలాంటి మనిషి దగ్గరుంటే నాకు బెంగలేదు” అని భుజం తట్టి, టింగుటింగు ట్యూన్ మళ్లీ మోగుతోందని చెవిపెట్టి విని మరీ కారెక్కాడు.

సోమవారం పొద్దున ఎవరూ రాకముందే మేనేజరు మూల గదిలోకి వెళ్లి, వేసవి నుంచీ ప్రతి సోమవారం చేస్తున్నట్టే, ముందురోజు అక్కకి ఫోన్లో వినిపించి సరేననిపించుకున్న కొత్త పాటని లైన్లోకి ఎక్కించాడు.